ముందు వరస లేని ఆట

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం తమ్ముళ్ళు ఫోన్ చేసి, "అక్కా, మన నృత్యం, మన గుర్తింపు అనే అంశం మీద ఒక పావుగంట మాట్లాడాలి" అన్నారు. సరే అన్నాను. తరవాత ఆలోచిస్తే, థింసా గొప్పతనం గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారనిపించింది. నేను టీచర్ ట్రైనింగ్ చేసి, పదిహేనేళ్ళకు పైగా ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా ఉన్నదాన్ని. నాకు బాగా తెలిసింది థింసా ఆడే పిల్ల. ఆ పిల్ల తన ఒంటిని చూసుకుని ఏమనుకుంటోందో, దానికి మనం ఏం చేశామో, ఏం చేయగలమో చెప్తాను. ముందుగా నా తప్పు చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందట ఆగస్టు 9 వేడుకకు మా హాస్టల్ నుంచి ఇరవై మంది పిల్లల్ని థింసాకు తీసుకురమ్మన్నారు. పెద్దపెద్ద అధికారులు వస్తారు, టీవీ వాళ్ళు వస్తారు అన్నారు. నేను పిల్లల్ని వరండాలో నిలబెట్టి రెండు వరసలు చేశాను. ఎవరు ముందు, ఎవరు వెనక అని చూస్తూ, కాస్త రంగున్న పిల్లల్ని, ఒకే ఎత్తున్న పిల్లల్ని ముందుకు తెచ్చాను. నల్లగా ఉన్నవాళ్ళు, పొట్టిగా ఉన్నవాళ్ళు, కాస్త లావుగా ఉన్నవాళ్ళు వెనక్కి వెళ్ళారు. నేను ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. "నువ్విటు రా, నువ్వటు వెళ్ళు" అన్నాను, అంతే. పిల్లలకు ఆ మాత్రం చాలు. ఎందుకు అటు వెళ్ళమన్నానో వాళ్ళకు వెంటనే అర్థమైపోయింది.

వెనక్కి వెళ్ళినవాళ్ళలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉంది. పేరు చెప్పను. మా హాస్టల్లో ఆ పిల్లంత బాగా అడుగు వేసేవాళ్ళు లేరు. తుడుము మోగితే చాలు, చేతిలో ఉన్న పళ్ళెం అక్కడ పెట్టేసి లేచేది. వేడుక అయిపోయింది, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ మర్చిపోయాను.

రెండు నెలల తరవాత వంట చేసే అమ్మ వచ్చి చెప్పింది: "మేడమ్, ఆ పిల్ల రాత్రిపూట అన్నం తినట్లేదు. గుడ్డు కూడా పక్కపిల్లకు ఇచ్చేస్తోంది." పిలిచి చూస్తే బుగ్గలు ఎర్రగా కందిపోయి, పొట్టు లేస్తున్నాయి. ట్రంకు పెట్టెలో చిన్న ట్యూబు దొరికింది. సంతలో కొన్నదట. ఎందుకమ్మా అంటే తల దించుకుని, "ముందు వరసలో నిలబెడతారని మేడమ్" అంది.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

పీహెచ్‌సీకి తీసుకెళ్తే డాక్టరుగారు ట్యూబు మీద మందు పేరు చదివి, ఇది స్టెరాయిడ్ క్రీము అన్నారు. చర్మవ్యాధికి డాక్టరు చెప్తే, కొన్ని రోజులు మాత్రమే రాయాల్సిన మందు. దాన్ని తెల్లబడడానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు వస్తాయి, ముఖం మీద వెంట్రుకలు కూడా రావచ్చు. ఒక్కసారిగా మానేస్తే మంట ఇంకా పెరుగుతుంది. ఇలాంటి చాలా క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. అయినా సంతలో దొరుకుతున్నాయి. ఇక్కడున్న చెల్లెళ్ళలో ఎవరైనా వాడుతుంటే సిగ్గుపడకండి, దాచుకోకండి. ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎలా మానాలో వాళ్ళే చెప్తారు.

ఇదంతా ఒక్క నా వరసల వల్లే జరిగిందని చెప్పను. అలా చెప్తే మిగతావాళ్ళంతా తప్పించుకుంటారు. నేను చదువుకున్న రోజుల్లో హాస్టల్లో ఫొటో తీస్తారంటే ముఖానికి పౌడరు అద్దుకుని, మెడ నల్లగా, ముఖం బూడిదలా నిలబడేవాళ్ళం. మన ఊళ్ళలో మాత్రం "ఓ నల్లపిల్లా" అని పిలవరా? పెళ్ళిచూపుల్లో రంగు మాట రాదా? సినిమాలో కొండపిల్ల వేషానికి మైదానం అమ్మాయిని తెచ్చి రంగు పూస్తారు. ఫోనులో ఫిల్టరు నొక్కగానే ముఖం తెల్లబడుతుంది, ముక్కు సన్నబడుతుంది. ఒక పేరుమోసిన కంపెనీ 2020లో తన క్రీము పేరులోంచి తెలుపు అనే అర్థమొచ్చే మాట తీసేసింది. మన నోట్లోంచి ఆ మాట ఇంకా పోలేదు. ఇన్నిటి మధ్య పెరుగుతున్న పిల్లకు, నమ్మకంగా చూసుకునే వార్డెను కూడా అదే చెప్పినట్టయింది. నా బాధ అది.

ఆ తరవాత ఏడాది ఒక శిక్షణ తరగతికి వెళ్ళాను. అక్కడ ఒక నాట్య ఉపాధ్యాయురాలు వచ్చి, మమ్మల్ని చాపల మీద వెల్లకిలా పడుకోమన్నారు. నలభై దాటిన వార్డెన్లమంతా సిగ్గుపడుతూ పడుకున్నాం. "మీ ఒంట్లో ఏ భాగం నేలకు తగులుతోంది? ఏది తగలడం లేదు? కుడి మడమ, ఎడమ మడమ ఒకేలా ఆనుతున్నాయా?" అని అడుగుతూ పోయారు. తలను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పమన్నారు. నొప్పి రాకముందే ఆపమన్నారు. మధ్యమధ్య ఊరికే ఉండమన్నారు. అరగంట అయ్యాక లేచి నిలబడితే నా భుజాలు దిగి ఉన్నాయి. అన్నాళ్ళూ అవి చెవుల దాకా ఎక్కి ఉన్నాయని కూడా నాకు తెలియదు.

దీన్ని సొమాటిక్ మూవ్‌మెంట్ ఎడ్యుకేషన్ అంటారని ఆమె చెప్పారు. మన మాటల్లో, ఒంటిని లోపలి నుంచి తెలుసుకుంటూ కదలడం నేర్చుకునే చదువు. సోమా అంటే గ్రీకు భాషలో శరీరం. అమెరికాకు చెందిన థామస్ హన్నా అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు 1976లో సొమాటిక్స్ అనే పేరు పెట్టారు. ఇతరులకు బయటి నుంచి కనిపించే శరీరం ఒకటి, మనకు లోపలి నుంచి తెలిసే శరీరం ఒకటి అని ఆయన విడదీసి చెప్పారు. పేరు పెట్టకముందే ఆ పని చేసినవాళ్ళున్నారు. ఆస్ట్రేలియాలో పుట్టిన అలెగ్జాండర్ వేదికల మీద పద్యాలు వినిపించేవాడు. గొంతు పోతుంటే, మాట్లాడేటప్పుడు మెడను ఎలా బిగిస్తున్నాడో తనను తానే గమనించి సరిచేసుకున్నాడు. మోషే ఫెల్డెన్‌క్రైస్ ఇంజనీరు, జూడో నేర్చినవాడు. మోకాలు దెబ్బతింటే నడకను మళ్ళీ చిన్న చిన్న కదలికలుగా నేర్చుకున్నాడు. నేల మీద పడుకుని మేము చేసిన పాఠం ఆయన దారిలోదే.

ఈ చదువు చాలా దేశాల్లో నాట్యం నేర్చుకునే పిల్లల తరగతుల్లోకి వచ్చింది. ఎందుకంటే అక్కడా మన పిల్లల బాధే ఉంది. బ్యాలే నేర్పే గదుల్లో గోడంతా అద్దం ఉంటుంది. పిల్ల రోజూ గంటల తరబడి తనను చూసుకుంటూ, పక్కపిల్లతో పోల్చుకుంటూ ఆడుతుంది. అమెరికాలో శాలీ రేడెల్ అనే నాట్య అధ్యాపకురాలు తన సహచరులతో కలిసి, అద్దం ఉన్న తరగతినీ అద్దం లేని తరగతినీ పోల్చి చూశారు. అద్దం వల్ల కొందరు విద్యార్థినులకు తమ ఒంటి మీద అసంతృప్తి పెరగవచ్చని గమనించారు. అద్దం చెడ్డదని నేననను, జడ వేసుకోవడానికి కావాలి. కానీ ఆడుతున్నంతసేపూ మనసు అద్దంలోనే ఉంటే, కాలు ఏం చేస్తోందో కాలికి తెలియదు.

ఇది విన్నప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మాది బగత కుటుంబం. మా చిన్నప్పుడు ఇటుకల పండగకు ఊరంతా థింసా ఆడేది. అమ్మమ్మ నాకు ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పలేదు. "ఇలా నిలబడు" అని చూపించనూ లేదు. తనకూ మా పిన్నికీ మధ్య నన్ను ఇరికించి, వెనక నుంచి చేతులు పెనవేసి, నడిచింది. వాళ్ళ నడుము ఎటు వంగితే నా నడుము అటు వంగింది. తప్పు అడుగు పడితే పక్క చెయ్యి కాస్త బిగిసేది. అంతే పాఠం. అలా పట్టుకున్నప్పుడు నాకు నా ముఖం కనిపించదు, నా ఒళ్ళు కనిపించదు. పక్కమనిషి ఊపిరి, డప్పు దెబ్బ, కాలి కింద మట్టి, ఇవే తెలుస్తాయి.

మన థింసా రకాలు ఒక్కసారి తలచుకోండి. బోడ థింసా గ్రామదేవత కోసం ఆడేది. గొడ్డిబేట థింసాలో వంగుతూ లేస్తూ ముందుకు వెళ్ళి, అలాగే వెనక్కి వస్తాం. పొతర్‌తోల ఆకులు ఏరే పని. బాగ్ థింసా పులి నుంచి తప్పించుకోవడం. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఊగుతాం. వీటిలో ఏది ఆడాలన్నా కావలసింది వంగే నడుము, పట్టు తెలిసిన కాలు, పక్కవాళ్ళ ఊపు అందుకునే భుజం. రంగు దేనికి కావాలో ఎవరైనా చెప్పగలరా? ఆదిలాబాద్ రాజ్‌గోండుల గుస్సాడీ చూడండి. నెత్తిన నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని ఆడతారు. ఆ ఆటకే జీవితమంతా ఇచ్చిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన 2024లో కన్నుమూశారు. వయసు మీద పడ్డాక కూడా ఆయన అడుగు చూసి కుర్రాళ్ళు నేర్చుకున్నారు.

ఫెల్డెన్‌క్రైస్ చెప్పింది మా అమ్మమ్మకు ముందే తెలుసు అని గొప్పలు పోను. అది వేరు, ఇది వేరు. అమ్మమ్మ పిల్లల్ని నేల మీద పడుకోబెట్టి మడమల గురించి అడగలేదు. ఆమెకు ఆ అవసరం రాలేదు. గుండ్రంగా తిరిగే ఆటకు ముందు వరస ఉండదు. మనమే ఆటను ఊరి నడుమ నుంచి తీసి స్టేజీ మీద పెట్టాం. స్టేజీకి ఒకవైపే జనం ఉంటారు, కాబట్టి ముందు వరస పుట్టింది. ఇప్పుడు స్టేజీ వద్దంటే కుదరదు. స్టేజీ వల్ల మన పిల్లలు ఢిల్లీ దాకా వెళ్ళారు, నాలుగు డబ్బులు వచ్చాయి, పేరు వచ్చింది. అందుకే, స్టేజీ మీదికి వెళ్ళే పిల్లకు అమ్మమ్మ చెయ్యి ఇచ్చిన ధైర్యాన్ని ఇంకోలా ఇవ్వాలి. ఈ సొమాటిక్ పాఠం నాకు అందుకు పనికొచ్చింది.

మా హాస్టల్లో ఏం చేస్తున్నామో చెప్తాను. ఖర్చు లేదు, ఎవరైనా చేయొచ్చు.

మొదటిది, నేల పాఠం. ఆట నేర్చుకునే రోజున ముందుగా పది నిమిషాలు చాపల మీద పడుకుంటాం. మడమ, పిక్క, నడుము, వీపు, తల, ఏది ఎలా ఆనుతోందో గమనిస్తాం. మోకాళ్ళు మడిచి, నడుమును కాస్త ఎత్తి దించుతాం. ఎంత ఎత్తారని పోటీ లేదు. ఎంత తేలిగ్గా చేశారన్నదే చూసుకోవాలి. కళ్ళు మూసుకోవడం కొందరికి భయంగా ఉంటుంది. ఏవో చేదు జ్ఞాపకాలు ఉండొచ్చు. వాళ్ళు కళ్ళు తెరిచే చేయొచ్చు, ఊరికే కూర్చోవచ్చు. ఎందుకని అడగం. అడగకుండా ఎవరూ ఎవరినీ తాకం.

రెండోది, ఫోను లేని సాధన. నేర్చుకునేటప్పుడు వీడియో తీయం. చివరి రెండు రోజులు మాత్రం తీసి, అడుగులు కలిశాయో లేదో చూసుకుంటాం.

మూడోది, వరసలు మారతాయి. ప్రతి పాటకూ వెనకవాళ్ళు ముందుకు వస్తారు. మొదట్లో నిర్వాహకులు ఒకరు, "మేడమ్, ముందు కాస్త చక్కనివాళ్ళని పెట్టండి" అన్నారు. "మా పిల్లలు ఇరవై మందీ ఆడతారు సార్, ఇరవై మందీ కనబడతారు" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

నాలుగోది మాట. ఆట అయ్యాక ఎవరు ఎలా కనిపించారో మాట్లాడుకోం. "ఎక్కడ ఊపిరి పట్టేశావు? ఎక్కడ హాయిగా అనిపించింది? పక్కపిల్ల అడుగు నీకు ఎప్పుడు అందింది?" అని అడుగుతాను. మొదట ముసిముసిగా నవ్వేవారు. ఒక ఆరో తరగతి పిల్ల, "గొడ్డిబేటలో లేచేటప్పుడు నా వీపు పొడవవుతుంది మేడమ్" అంది. ఒంటి గురించి ఆ పిల్ల నోట నేను విన్న మొదటి మంచి మాట అది.

ఐదోది తిండి. ఆడుతుంటే ఆయాసం వస్తోందని, కళ్ళు తిరుగుతున్నాయని పిల్లలు అంటే, "నువ్వు ఆటకు పనికిరావు" అనేవాళ్ళం. అది రక్తహీనత కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు కదా, కిటికీలోంచి విసిరేయకండి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. రక్తపరీక్ష చేయించుకోండి. సన్నబడాలని రాత్రి అన్నం మానేసిన పిల్ల తెల్లారి కుండ థింసాలో భుజం నెట్టలేదు.

ఇవన్నీ చేశాక మా హాస్టల్ మారిపోయిందా అంటే, పూర్తిగా మారలేదు. ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లో క్రీములు దొరుకుతాయి. పండగకు ఇంటికి వెళ్ళిన పిల్ల, మేనత్త ఏదో అందని ఏడుస్తూ తిరిగి వస్తుంది. నేల మీద పది నిమిషాలు పడుకుంటే లోకం తిట్టడం ఆపదు. కానీ తిట్టు తగిలినప్పుడు నిలబడడానికి ఒక చోటు దొరుకుతుంది. తన కాలు బలం తనకు తెలిసిన పిల్లకు ఆ చోటు కొంచెం గట్టిగా ఉంటుంది. నేను చూసింది అంతవరకే.

ఇంకో ముఖ్యమైన మాట. ఇది చదువు, వైద్యం కాదు. తిండి బొత్తిగా మానేసినా, తిన్నది కావాలని కక్కుకుంటున్నా, నెలసరి ఆగిపోయినా, బతకాలని లేదు అన్నా, చాపలు పరిచి ఊరుకోకండి. ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మనసు బాధకు టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకు 1098 ఉంది.

తమ్ముళ్ళూ, మీకూ చెప్పాలి. రీల్స్ తీసేది ఎక్కువ మీరే. కెమెరా ఎవరి ముఖం మీద ఆపుతున్నారో ఒక్కసారి మీ ఫోన్లు తెరిచి చూసుకోండి. ఇరవై మంది ఆడిన ఆటలో ఇద్దరే కనిపిస్తున్నారా? మిగతా పద్ధెనిమిది మంది కూడా ఆ వీడియో చూస్తారు. వాళ్ళు లేరని వాళ్ళకు తెలుస్తుంది. కింద ఎవరైనా రంగు గురించి, ఒళ్ళు గురించి కామెంటు పెడితే నవ్వే బొమ్మ పెట్టకండి, తీసేయండి. ఒళ్ళు బాధ మీకూ ఉంది, నాకు తెలుసు. బక్కగా ఉన్నానని, పొట్టిగా ఉన్నానని, సంతలో అమ్మే కండల పొడులు తినే కుర్రాళ్ళను చూస్తున్నాను. ఆ నేల పాఠం మీక్కూడా పనికొస్తుంది.

థింసా బృందాలు నడిపే చెల్లెళ్ళూ, మీ చేతిలో నాకంటే ఎక్కువ ఉంది. రేపు మీరు వరసలు కడతారు. అమ్మమ్మలను కూడా సాధనకు పిలవండి. ముక్కుకు అటూ ఇటూ పోగులు, చేతుల నిండా పచ్చబొట్లు ఉన్న ఆ ముసలివాళ్ళు పిల్లల మధ్య నిలబడి ఆడితే, ఎలాంటి ఒళ్ళు ఆటకు పనికొస్తుందో మీరు వేరే చెప్పక్కర్లేదు.

ఆ పిల్ల సంగతి అడుగుతారు. బుగ్గలు మానడానికి చాలా నెలలు పట్టింది. ఒకరోజు స్టడీ అవర్ అయ్యాక పిలిచి, "వెనక నిలబెట్టింది నేను. నీ ఆట వల్ల కాదు, నా బుద్ధి వల్ల. తప్పయిందమ్మా" అన్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. "పడుకోవచ్చా మేడమ్" అని అడిగి వెళ్ళిపోయింది. క్షమించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తరవాత పదో తరగతి పాసై, ఇంటర్ చదివి, ఇప్పుడు నర్సింగ్ చేస్తోంది. ఫొటో అంటే ఇంకా పక్కకు తప్పుకుంటుంది. సెలవులకు వచ్చినప్పుడు మాత్రం హాస్టల్‌కు వచ్చి చిన్నపిల్లలకు అడుగు నేర్పుతుంది. లెక్క చెప్పదు. పక్కన నిలబడి, వెనక నుంచి చెయ్యి వేసి, నడుస్తుంది.

ఈరోజు కూడా వచ్చింది. కాసేపట్లో మా పిల్లలు ఆడతారు. ఆ పిల్ల ఎవరో వెతకకండి. అందరినీ చూడండి. మోరి ఊదే మామయ్య అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు, ఇంక నేను ఆపుతాను.